ఆటోన్యూ: ఓపికకి కూడా ధర కట్టే ఫాంటసీ బేస్‌బాల్

ఫాంటసీ బేస్‌బాల్ (అసలు బేస్‌బాల్ ఆటగాళ్ళతో ఊహల్లో టీమ్ కట్టి, మైదానంలో వాళ్ళ గణాంకాలని బట్టి పోటీపడే ఆట) అంటే మార్చిలో టీమ్ కట్టి, జూలై వచ్చేసరికి పాస్‌వర్డ్ కూడా మర్చిపోయే వ్యవహారం అనుకునేవాళ్ళు ఈ రివ్యూ ఇక్కడే ఆపేయొచ్చు. ఆటోన్యూ అనే ఈ ఆన్‌లైన్ సర్వీస్ వాళ్ళకోసం కాదు. ఇది ఏడాది పొడవునా నడిచే లీగ్. బయట వరల్డ్ సిరీస్ (అమెరికా బేస్‌బాల్ ఫైనల్) ఇంకా పూర్తి కాకుండానే ఇక్కడ వచ్చే ఏడాది జీతాల లెక్కలు మొదలైపోతాయి, శీతాకాలం మొత్తం ఎవర్ని ఉంచుకోవాలి ఎవర్ని వదిలేయాలి అనే గొడవే, మళ్ళీ సీజన్ మొదలయ్యాక ఎక్కడో డబుల్-ఎలో (మేజర్ లీగ్ కింద ఉండే మైనర్ లీగుల మెట్లు సింగిల్-ఎ, హై-ఎ, డబుల్-ఎ, ట్రిపుల్-ఎ అని పైకి వెళ్తాయి) ఆడే పందొమ్మిదేళ్ళ కుర్రాడు ఇవాళ రెండు వాక్‌లు (నాలుగు చెడ్డ బంతులు వదిలేసి ఊరికే బేస్ ఎక్కడం) తీసుకున్నాడా లేదా అని పొద్దున్నే ఫోన్ తీసి చూసుకోవడం. ఇదంతా విని "అబ్బ, భలే ఉందే" అనిపిస్తే మీకు జబ్బు ముందే ఉన్నట్టు, చదవండి.

ఫాంటసీ బేస్‌బాల్ పుట్టిందే లెక్కల పిచ్చి ఉన్నవాళ్ళ మధ్య. 1980లో డేనియల్ ఓక్రెంట్, ఆయన స్నేహితులు కలిసి మొదలుపెట్టిన లీగ్ ఇవాళ మనం యాహూలోనూ ఈఎస్‌పీఎన్‌లోనూ చూసే ఆటకి మూలం. న్యూయార్క్‌లో వాళ్ళు కలిసి భోజనం చేసే రెస్టారెంట్ పేరు మీదే దానికి రోటిసరీ అనే పేరొచ్చింది. ఆ తొలి రోజుల్లోనే వేలంపాట ఉండేది, నచ్చిన ఆటగాణ్ణి మరుసటి ఏడాదికి అట్టిపెట్టుకోవడమూ ఉండేది. తర్వాత ఆన్‌లైన్‌కి వచ్చాక జనం ఎక్కువై, ఆట తేలికవ్వాలి కాబట్టి చాలా లీగులు డ్రాఫ్ట్ (వంతులవారీగా ఆటగాళ్ళని ఎంచుకోవడం) పెట్టి ప్రతి ఏడాదీ పలక తుడిచేసే పద్ధతికి మారాయి. ఆటోన్యూ ఆ పాత దారినే పట్టుకుని దానికి ఇవాళ్టి గణాంకాలు జోడించింది. గణాంకాల సైట్ ఫాన్‌గ్రాఫ్స్‌తో కలిసి నడుస్తుంది కాబట్టి పాయింట్ల పద్ధతి కూడా అక్కడి ఆలోచనా ధోరణిలోనే ఉంటుంది. దాని సంగతి కాసేపాగి.

ముందు ఎముకల గూడు చెప్తా. లీగ్‌కి 12 టీములు. ఒక్కో టీముకి 40 మంది, 400 డాలర్ల బడ్జెట్ (ఆట డాలర్లే, మీ జేబులోవి కావు). ఆ 40లోనే మేజర్ లీగ్ స్టార్లు, బెంచ్‌వాళ్ళు, మైనర్ లీగ్ కుర్రాళ్ళు, అందరూ సర్దుకోవాలి. చాలా డైనస్టీ లీగుల్లో (ఆటగాళ్ళని ఏళ్ళ తరబడి అట్టిపెట్టుకునేవి) మైనర్ లీగ్ వాళ్ళకి వేరే అర ఉంటుంది, అందులో ఇరవై మందిని పడేసి మూడేళ్ళు మర్చిపోవచ్చు. ఇక్కడ అలాంటి అర లేదు. ఈ ఒక్క నిర్ణయంతోనే ఆట స్వభావం మొత్తం మారిపోయింది, నాకు ఈ సర్వీస్‌లో అన్నిటికంటే నచ్చిందీ ఇదే, కొత్తగా వచ్చినవాళ్ళు అన్నిటికంటే ఎక్కువ సణిగేదీ దీని గురించే.

ఎందుకంటే ప్రాస్పెక్ట్ అనేవాడు, అంటే రేపు పైకొస్తాడని ఆశ పెట్టుకున్న మైనర్ లీగ్ కుర్రాడు, ఇక్కడ చవగ్గా కనబడతాడు. సీజన్ అయ్యాక మేజర్ లీగ్‌లో ఆడినవాళ్ళందరి జీతం 2 డాలర్లు పెరుగుతుంది, అసలు ఆడనివాళ్ళకి 1 డాలర్ మాత్రమే. అంటే పదిహేడేళ్ళ షార్ట్‌స్టాప్ ఒకణ్ణి డాలర్‌కి పట్టుకుంటే నాలుగేళ్ళ తర్వాత కూడా వాడు 5 డాలర్లే. 400లో ఐదెంత? చూడ్డానికి ఉచితంగా వచ్చినట్టే ఉంటుంది. కానీ ఆ నాలుగేళ్ళూ మీ 40 స్థానాల్లో ఒకటి ఇరుక్కుపోయింది. ఆ స్థానంలో ఒక రిలీవర్ (ఆట మధ్యలో వచ్చి బంతి విసిరే పిచర్) ఉండుంటే ఎన్ని పాయింట్లు వచ్చేవి, ఒక ప్లటూన్ బ్యాటర్ (కుడిచేతి లేదా ఎడమచేతి పిచర్ల మీదే దింపేవాడు) ఉండుంటే ఎన్ని ఆటలు పూడ్చేవాడు, ఇదీ అసలు ఖర్చు. జీతం పట్టీలో అది కనబడదు.

సరదాగా లెక్కేద్దాం. ఫాన్‌గ్రాఫ్స్ పాయింట్స్ పద్ధతిలో పిచర్‌కి ఇన్నింగ్స్‌కి 7.4, స్ట్రైకవుట్‌కి 2, హోల్డ్‌కి (ఆధిక్యం పోకుండా తర్వాతి పిచర్‌కి అప్పగిస్తే) 4, సేవ్‌కి (ఆధిక్యం నిలబెట్టి ఆట ముగిస్తే) 5 వస్తాయి. హిట్ ఇస్తే 2.6, వాక్ ఇస్తే 3, హోమ్ రన్ ఇస్తే ఏకంగా 12.3 పోతాయి. ఒక మామూలు సెటప్ రిలీవర్‌ని (ఆట ముగించే పిచర్‌కి ముందొచ్చేవాణ్ణి) ఊహించుకోండి: 60 ఇన్నింగ్స్, 65 స్ట్రైకవుట్లు, 20 హోల్డ్‌లు, 50 హిట్లు, 22 వాక్‌లు, 6 హోమ్ రన్లు. కూడికలూ తీసివేతలూ అయ్యాక 384 పాయింట్లు తేలతాయి, ఇన్నింగ్స్‌కి 6.4. సీజన్‌కి టీము మొత్తానికి 1500 ఇన్నింగ్స్ అని పరిమితి ఉంది కాబట్టి ఇన్నింగ్స్‌కి ఎన్ని అన్నదే ముఖ్యం, ఆ లెక్కన ఎవరూ పేరు కూడా గుర్తుపెట్టుకోని ఈ రిలీవర్ చాలామంది స్టార్టర్ల (ఆట మొదలుపెట్టే పిచర్ల) కంటే నయం. వీణ్ణి వదులుకుని మీరు దాచుకున్నది సింగిల్-ఎలో .240 (వెయ్యికి 240 హిట్ల సగటు) కొడుతున్న కుర్రాణ్ణి. ఇప్పుడు చెప్పండి, ఆ డాలర్ చవకేనా?

పైగా సీజన్ మధ్యలో ఎవర్నైనా వదిలేస్తే సగం జీతం మీ బడ్జెట్ మీదే వేలాడుతుంది, సగాన్ని పైకి సవరిస్తారు కాబట్టి డాలర్ కుర్రాణ్ణి వదిలేసినా డాలరూ అక్కడే ఉంటుంది. సీజన్ అయ్యాక వదిలేస్తే ఆ శిక్ష లేదు. అందుకే జూలైలో పనికిరాడని తేలిపోయిన ప్రాస్పెక్ట్‌ని కూడా చాలామంది అక్టోబర్ దాకా మోస్తారు. అది తప్పని నా లెక్క. డాలర్ పోతే పోయింది, ఖాళీ అయిన స్థానానికి దానికంటే ఎక్కువ విలువ.

ఇక ఏ కుర్రాణ్ణి పట్టుకోవాలి అన్నది. ఇక్కడ సైట్ మీకేం చెప్పదు, జాబితా చూపించి ఊరుకుంటుంది, చదువుకోవాల్సింది మీరే. నేను ముందు చూసేది వయసు. 24 ఏళ్ళవాడు హై-ఎలో .320 కొడితే నాకేం ఉత్సాహం రాదు, వాడు తనకంటే చిన్నపిల్లల మీద కొడుతున్నాడు. 19 ఏళ్ళవాడు డబుల్-ఎలో .260 కొడుతూ ఓపిగ్గా వాక్‌లు తీసుకుంటుంటే వెంటనే పాట పెట్టేస్తా. తర్వాత ఊరు. ట్రిపుల్-ఎలో అల్బుకెర్కీ సముద్రమట్టానికి దాదాపు 1,600 మీటర్ల ఎత్తులో ఉంది, గాలి పల్చన, బంతి ఎగిరిపోతుంది, రీనో కూడా అలాంటిదే. అక్కడ పాతిక హోమ్ రన్లు కొట్టినవాణ్ణి చూసి మురిసిపోయి 10 డాలర్లు పాడేవాళ్ళు ప్రతి లీగ్‌లోనూ ఇద్దరుంటారు. వాళ్ళతో ట్రేడ్ చెయ్యండి, మంచి మనుషులు.

పిచర్ల సంగతైతే పిచింగ్ ప్రాస్పెక్ట్ అనేవాడే లేడని ఈ ఆట జనంలో పాత మాట ఒకటుంది. అందులో సగం నిజం. మోచేతికి టామీ జాన్ సర్జరీ అయితే ఏడాది నుంచి ఏడాదిన్నర మాయం, ఆ మధ్యలో మీ స్థానం నిండే ఉంటుంది (60 రోజుల గాయాల జాబితాకి ఎక్కితే స్థానం ఖాళీ అవుతుంది కానీ జీతం లెక్కలోనే ఉంటుంది). 2013 డ్రాఫ్ట్‌లో మొట్టమొదట తీసుకున్న మార్క్ ఏపెల్ మేజర్ లీగ్‌లో అడుగుపెట్టింది 2022లో. మధ్యలో ఆట మానేసి వెళ్ళిపోయి మళ్ళీ వచ్చాడు. తొమ్మిదేళ్ళు! మరి మిగతా సగం? 2023లో అదే మొదటి స్థానంలో వెళ్ళిన పాల్ స్కీన్స్ 2024 మే నెలకల్లా పిట్స్‌బర్గ్‌కి ఆడేశాడు, 1.96 ఈఆర్‌ఏతో (తొమ్మిది ఇన్నింగ్స్‌కి పిచర్ లెక్కలో పడ్డ పరుగుల సగటు) ఆ ఏడాదే నేషనల్ లీగ్ రూకీ ఆఫ్ ద ఇయర్ అయ్యాడు. అందుకే నా పద్ధతి ఒకటే, కాలేజీ నుంచి వచ్చి ఏడాది లోపల పైకెక్కేలా ఉన్న పిచర్‌ని తప్ప ముట్టుకోను. పద్దెనిమిదేళ్ళవాడు 100 మైళ్ళ వేగంతో విసురుతున్నాడని వీడియో చూపించినా సరే, వేరేవాళ్ళు తీసుకోనీ.

హిట్టర్లలో కూడా గ్యారంటీ ఏమీ లేదనుకోండి. బేస్‌బాల్‌లోనే నంబర్ వన్ ప్రాస్పెక్ట్ అని అందరూ ఒప్పుకున్న జాక్సన్ హాలిడే 2024 ఏప్రిల్‌లో బాల్టిమోర్‌కి వచ్చి 34 సార్లు బ్యాట్ పట్టి 2 హిట్లు కొట్టి మళ్ళీ కిందకి వెళ్ళాడు. జారెడ్ కెలెనిక్ 2021లో సియాటెల్‌కి .181 కొట్టాడు, అంతకుముందు రెండేళ్ళు వాడి కోసం డైనస్టీ లీగుల్లో జనం స్టార్లని ధారపోశారు. అటువైపు చూస్తే సిన్సినాటి ఎల్లీ డి లా క్రూజ్‌కి 2018లో ఇచ్చింది 65,000 డాలర్లు, నిజం డాలర్లు. ఈ పిల్లల కొనుగోళ్ళ లెక్కలో అది చిల్లర. అతను జాబితాల్లోకి ఎక్కకముందే డాలర్‌కి పట్టుకున్నవాళ్ళు ఏళ్ళ తరబడి కాలర్ ఎగరేస్తూ తిరిగారు.

అయితే ఇక్కడే పాయింట్ల పద్ధతి మెలిక పెడుతుంది. ఎల్లీ 2024లో 67 బేస్‌లు దొంగిలించాడు (హిట్ లేకుండానే పరుగెత్తి తర్వాతి బేస్ పట్టడం, అదే స్టీల్). రోటిసరీ లీగ్‌లో (హోమ్ రన్లు, స్టీల్స్ లాంటి ఒక్కో విభాగంలో టీములకి ర్యాంకులిచ్చే పద్ధతి) అది బంగారం, ఒక విభాగాన్ని దాదాపు ఒంటి చేత్తో లాక్కొస్తాడు. ఫాన్‌గ్రాఫ్స్ పాయింట్స్‌లో ఒక్కో స్టీల్‌కి 1.9 మాత్రమే, మొత్తం 127 చిల్లర. హోమ్ రన్ విలువెంత? హిట్‌కి 5.6, హోమ్ రన్‌కి అదనంగా 9.4, బ్యాట్ పట్టినందుకు 1 కోత, నికరంగా 14. అంటే 67 దొంగతనాలు కలిపి తొమ్మిది హోమ్ రన్లకి సమానం, అదీ దొరికిపోయిన ప్రతిసారికీ పోయే 2.8 తీయకముందు. పది ప్రయత్నాల్లో ఆరు సఫలం కాకపోతే పరుగెత్తకపోవడమే మేలు. వాక్‌కి మాత్రం 3 ఇస్తారు, ఔట్ కాకపోవడమే ఇక్కడ గొప్ప విద్య. కాబట్టి పత్రికల్లో వచ్చే టాప్ 100 ప్రాస్పెక్ట్ జాబితా తీసుకొచ్చి వరసపెట్టి కొనేస్తే దెబ్బ తింటారు. అందులో చురుకైన కాళ్ళకీ, చక్కగా ఫీల్డింగ్ చేసేవాళ్ళకీ కూడా మార్కులుంటాయి. మీ లీగ్‌లో ఫీల్డింగ్‌కి సున్నా. బొద్దుగా, నెమ్మదిగా, ఫస్ట్ బేస్ దగ్గర బొమ్మలా నిలబడి, చెత్త బంతిని మాత్రం ఛస్తే కొట్టనివాడు ఇక్కడ మహారాజు. మీకు స్టీల్స్ ఇష్టమైతే 5x5 అనే రోటిసరీ పద్ధతి కూడా ఉంది, అది ఎంచుకోండి, గొడవ ఉండదు.

వేలంపాట గురించి రెండు ముక్కలు. మొదటి ఏడాది 12 టీములు ఒక్కోటి 40 మందిని పాడుకోవాలి, అంటే 480 పాటలు. ఒక పూటలో అవుతుందని ఎవరైనా అంటే నమ్మకండి, భోజనం పక్కనే పెట్టుకుని కూర్చోండి. చివరి గంటలో అందరి దగ్గరా డాలర్లు అయిపోయి, ఎవరు పేరు చెప్తే వాళ్ళకే డాలర్‌కి వెళ్ళిపోయే దశ వస్తుంది. లీగులు గెలిచేది ఓడేది సగం అక్కడే, ఎందుకంటే అప్పటికి సగం మంది అలసిపోయి గుర్తొచ్చిన పేరల్లా చెప్తుంటారు. సీజన్ మధ్యలో ఫ్రీ ఏజెంట్ల (ఏ టీములోనూ లేనివాళ్ళ) పాట వేరే రకం. ఎవరో ఒకరు పేరు పెడతారు, గడువు ముగిసేదాకా ఎవరి పాట ఎంతో ఎవరికీ కనబడదు, గెలిచినవాడు కట్టే ధర రెండో పెద్ద పాటను బట్టి తేలుతుంది. కాబట్టి వాడి విలువ మీ దృష్టిలో ఎంతో అంతే రాయొచ్చు, భయపడి తగ్గించనక్కర్లేదు. అర్థరాత్రి మేలుకొని ముందుగా క్లిక్ చేసినవాడికే ఆటగాడు దక్కే టెన్షన్ ఇక్కడ లేదు, ఉద్యోగాలు చేసుకునేవాళ్ళకి ఇది పెద్ద వరం.

ఇప్పుడు ఆర్బిట్రేషన్. నాకు తెలిసి ఇలాంటి ముచ్చట మామూలు ఫాంటసీ లీగుల్లో కనబడదు. సీజన్ అయ్యాక ప్రతి టీముకీ 25 డాలర్లు ఇస్తారు, అవి మీ కోసం కాదు, మిగతా 11 టీముల ఆటగాళ్ళ జీతాలు పెంచడానికి. ప్రతి టీము మీదా కనీసం 1 డాలర్, గరిష్ఠంగా 8. అంటే ఎదుటివాడి దగ్గర 6 డాలర్లకి పడున్న సూపర్ స్టార్‌ని చూసి ఏడవడం మానేసి, మీరో 3, పక్కవాడో 4, ఇంకోడు ఇంకో 3 వేసి, ఊళ్ళో అందరూ కలిసి వాడి ధరని నిజం ధర వైపు తోసేయొచ్చు. డాలర్‌కి దొరికిన ప్రాస్పెక్ట్ పదేళ్ళు చవగ్గా ఉండిపోయి లీగ్ చచ్చిపోవడం అనే రోగానికి ఇంతకంటే మంచి మందు నేను చూడలేదు. కనీసం డాలర్ చొప్పున 11 పోగా మీ చేతిలో నిజంగా మిగిలేది 14, దాన్ని మొదటి స్థానంలో వచ్చినవాడి మీద గుమ్మరించాలా, పైకి వస్తున్నవాడి మీద వెయ్యాలా అన్నది ఆలోచించుకోవాలి. నా ఓటు రెండోవాడికే. గెలిచినవాడి స్టార్లకి ఎలాగూ ముప్పై ఏళ్ళు దాటుతుంటాయి, వాళ్ళని కాలమే చూసుకుంటుంది. చవక కుర్రాళ్ళు నలుగురున్న ఐదో స్థానం టీమే వచ్చే రెండేళ్ళు మీ ప్రాణం తీసేది.

దీనితో ప్రాస్పెక్ట్‌లని పెంచడంలో ఇంకో లెక్క కూడా దూరుతుంది. ఒకేసారి ముగ్గురు కుర్రాళ్ళు పైకొచ్చి దంచేశారనుకోండి, ఆనందమే, కానీ ఆ శీతాకాలం 11 మంది కళ్ళూ మీ మీదే. ఒక్కణ్ణి సీజన్ మధ్యలోనే అమ్మేసి, ఈ ఏడాదే గెలిచేలా ఓ నమ్మకమైన స్టార్‌ని తెచ్చుకోవడం చాలాసార్లు తెలివైన పని. అమ్మాల్సిన సమయం ఎప్పుడంటే, పైకి పిలుస్తారని వార్త వచ్చినప్పుడు. అప్పుడు వాడు ఇంకా ఒక్క బంతి కూడా ఎదుర్కోలేదు, ఒక్కసారీ ఔట్ కాలేదు, ఊహల్లో వాడికంటే గొప్ప ఆటగాడు లేడు. వారం తర్వాత వాడు 34కి 2 కావచ్చు.

ట్రేడ్‌ల్లో లోన్ అని ఒకటుంది, ఖరీదైన ఆటగాణ్ణి ఇస్తూ వాడి జీతానికి సరిపడా బడ్జెట్‌ని కూడా ఆ సీజన్‌కి అప్పుగా ఇవ్వొచ్చు. ఓడిపోతున్న టీముకి ఇదే ఆయుధం. మీ 45 డాలర్ల స్టార్ ఎవరి బడ్జెట్‌లోనూ పట్టడు, కానీ 45 లోన్‌తో కలిపి ఇస్తే గెలుపు మీద ఉన్నవాడు కళ్ళకద్దుకుని తీసుకుని మీకు 4 డాలర్ల మంచి హిట్టర్‌నీ డబుల్-ఎ కుర్రాణ్ణీ ఇస్తాడు. ఆఖరి స్థానంలో వచ్చినందుకు ఇక్కడ మొదటి పిక్ ఏమీ ఇవ్వరు, అసలు పిక్‌లే లేవు, అందరూ పాట పాడుకోవాల్సిందే. కాబట్టి కావాలని ఓడిపోవడం వల్ల లాభం లేదు, ఓడిపోతున్నప్పుడు చురుగ్గా ఉండటం వల్లే లాభం. చాలా డైనస్టీ లీగుల్లో కింద ఉన్న నాలుగు టీములు మే నెలకే పడుకుంటాయి, ఇక్కడ ఆ నాలుగే ఎక్కువ మెసేజ్‌లు పంపుతుంటాయి.

సైట్ అందం గురించి అడిగితే, ఏముందీ, పట్టికలు. నీలం లింకులు, అంకెలు, ఇంకొన్ని అంకెలు. రంగులూ బొమ్మలూ గోల్ కొట్టినట్టు మోగే నోటిఫికేషన్లూ కావాలంటే వేరే చోట చూడండి. ఆటగాడి పేరు నొక్కితే మిగతా లీగులన్నిటిలో వాడి సగటు జీతం ఎంతో కనబడుతుంది, అది మాత్రం చాలా పనికొస్తుంది, కాకపోతే కొత్తవాళ్ళు దాన్నే వేదంలా పట్టుకుంటారు. మీ లీగ్‌లో అందరూ పొదుపరులైతే ఆ సగటుకి అర్థమేముంది?

మైనర్ లీగ్ అర విడిగా ఉండాలి, కాంట్రాక్టు ఏళ్ళు ఉండాలి, ఇరవై టీములుండాలి అని సొంత ఊహలున్నవాళ్ళకి ఫాంట్రాక్స్ లాంటి చోటే సరి, అక్కడ నిబంధనలన్నీ మీకు నచ్చినట్టు అల్లుకోవచ్చు. ఆటోన్యూలో నిబంధనలు దాదాపు కట్టినట్టే ఉంటాయి, మీరు పద్ధతి ఎంచుకుంటారు అంతే. నాకు అదే హాయి. నిబంధనల మీద కొట్టుకోవడానికి తీరిక దొరికిన లీగ్ ఏదీ మూడేళ్ళు నిలవడం చూడలేదు.

కొత్తగా చేరాలనుకుంటే 480 పాటల మొదటి ఏడాది కంటే, ఎవరో వదిలేసి వెళ్ళిన టీముని తీసుకోవడం మంచి మార్గం. తీసుకునేముందు స్టార్ల పేర్లు చూసి పడిపోకండి, 10 డాలర్ల లోపు ఉండి రోజూ ఆడే హిట్టర్లు ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టండి. తర్వాత ట్రేడ్‌ల పేజీ తెరిచి గత ఆగస్టులో కింద ఉన్న టీములు ఏమైనా కదిలాయా చూడండి. జూన్ తర్వాత ఖాళీగా ఉంటే ఆ లీగ్ వదిలేసి ఇంకోటి వెతుక్కోండి. ఇక ఆ టీములో డాలర్ ప్రాస్పెక్ట్‌లు పదిహేను మంది ఉన్నారనుకోండి, జనవరి ఆఖరులోగా వాళ్ళలో పది మందిని వదిలేయండి, ఆ గడువు దాటితే మళ్ళీ డాలర్ల బెడద మొదలవుతుంది.